మర కుదిరితే చాలదు: పాత క్లోజప్ అద్దాలను కొత్త లెన్సుకు బిగించడం గురించి

మామయ్య వాడిన కెమెరా సంచి నా చేతికి వచ్చేనాటికి అందులో కెమెరా లేదు. సంచి అడుగున చిన్న తోలు డబ్బాల్లో మూడు రకాల క్లోజప్ అద్దాలు, అంటే దగ్గరి వస్తువులను ఫొటో తీయడానికి లెన్సు ముందు బిగించే అద్దాలు, మాత్రం భద్రంగా మిగిలాయి. రోలైఫ్లెక్స్ కెమెరాకు తగిలించే రోలైనార్ 2 జత ఒకటి, ఏదో పాత రేంజ్‌ఫైండర్ కెమెరా లెన్సుకు టోపీలా తొడిగే 42 మిల్లీమీటర్ల అద్దం ఒకటి, 52 మిల్లీమీటర్ల మర ఉన్న నికాన్ 4టి ఒకటి. అప్పటికి నా దగ్గర ఉన్నది కొత్త మిర్రర్‌లెస్ కెమెరా, దానికి 67 మిల్లీమీటర్ల మర ఉన్న 70-200 జూమ్ లెన్సు. ఆ మూడింటిలో ఏదీ ఆ లెన్సుకు నేరుగా పట్టదు. వాటిని పట్టించే ప్రయత్నంలో కొన్నేళ్లు గడిపాను. ఒక అద్దాన్ని శాశ్వతంగా పాడుచేశాను. మిగిలినవాటితో నాకెంతో ఇష్టమైన ఫొటోలు తీసుకున్నాను. ఆ అనుభవం నుంచి ఒక వాదన చేయాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆ వాదన ఇది. పాత క్లోజప్ అద్దాలు కొత్త లెన్సుల మీద సరిగా పనిచేయవని చాలామంది అంటారు. సరైన రింగు (వేరువేరు మర కొలతలను కలిపే వలయం) దొరికితే ఏదైనా పనిచేస్తుందని మరికొందరు అంటారు. ఈ ఇద్దరూ చూస్తున్నది రింగునే తప్ప గాజును కాదు. ఒక అద్దం దాని కాలంలో బాగా పనిచేసి నేడు మన లెన్సు మీద విఫలమైతే, అందుకు కారణం దాని వయసు కాదు, మర తేడా అంతకంటే కాదు. అది ఉద్దేశించిన లెన్సు నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) వేరు, మనం దాన్ని బిగించిన లెన్సు నాభ్యంతరం వేరు. ఏ గాజు ఏ లెన్సుకు తగునో ముందు తేల్చుకుంటే, రింగు సంగతి ఎప్పుడూ పరిష్కరించుకోగలిగినదే. ఆ పరిష్కారం కోసం పాత అద్దం చట్రాన్ని అరగదీయవలసిన అవసరం మాత్రం ఎన్నడూ రాదు.

చదువరికి తికమక కలగకుండా, ఈ వ్యాసంలో కెమెరాకు ఉండే దాన్ని లెన్సు అని, దాని ముందు బిగించేదాన్ని అద్దం అని పిలుస్తాను.

క్లోజప్ అద్దం నిజానికి చదువుకునే కళ్లజోడు లాంటిదే. దాని శక్తిని డయాప్టర్లలో చెబుతారు; ఒకటిని మీటర్లలోని నాభ్యంతరంతో భాగిస్తే వచ్చేది డయాప్టరు. +1 అంటే ఒక మీటరు నాభ్యంతరం, +2 అంటే అర మీటరు, +4 అంటే పాతిక సెంటీమీటర్లు. నికాన్ 4టి శక్తి +2.9, అంటే దాని నాభ్యంతరం సుమారు 345 మిల్లీమీటర్లు. లెన్సును అనంతానికి ఫోకస్ చేసి ఈ అద్దం బిగిస్తే, అద్దానికి 345 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న వస్తువు స్పష్టంగా కనబడుతుంది. లెన్సు 50 మిల్లీమీటర్లదైనా 200 మిల్లీమీటర్లదైనా ఆ దూరం మారదు. మారేది ఆవర్ధనం, అంటే సెన్సర్ మీద పడే బొమ్మ అసలు వస్తువుకు ఎన్ని రెట్లు ఉంటుందన్నది. లెన్సు నాభ్యంతరాన్ని అద్దం నాభ్యంతరంతో భాగిస్తే ఆవర్ధనం వస్తుంది కాబట్టి, 50 మిల్లీమీటర్ల లెన్సు మీద 4టి ఇచ్చేది 0.14 రెట్లు మాత్రమే, 200 మీద 0.58 రెట్లు. జూమ్ లెన్సు మీద ఇదొక వరం: తూనీగకూ కెమెరాకూ మధ్య దూరం కదలకుండా, కేవలం జూమ్ తిప్పుతూ తూనీగ మొత్తాన్నీ, ఆపైన దాని తలనూ చట్రంలో నింపుకోవచ్చు.

లెన్సుకూ కెమెరాకూ మధ్య ఎడం పెంచే ఖాళీ గొట్టాలను ఎక్స్‌టెన్షన్ ట్యూబులు అంటారు. వాటిది సరిగ్గా దీనికి ఎదురు లెక్క. 25 మిల్లీమీటర్ల ట్యూబు 50 మిల్లీమీటర్ల లెన్సుకు 0.5 రెట్ల ఆవర్ధనాన్ని జోడిస్తుంది, 200 మిల్లీమీటర్ల లెన్సుకు 0.125 మాత్రమే. అందువల్ల పొట్టి లెన్సుకు ట్యూబు, పొడవు లెన్సుకు అద్దం అన్నది నేను గట్టిగా నమ్మే విభజన. ట్యూబులతో వెలుతురు తగ్గుతుంది; అనంతానికి ఫోకస్ చేసిన లెన్సు ముందు అద్దం బిగిస్తే ఎఫ్ సంఖ్య (లెన్సు నాభ్యంతరాన్ని కాంతి లోపలికి వచ్చే రంధ్రం, అంటే అపర్చర్, వ్యాసంతో భాగిస్తే వచ్చేది) దాదాపు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. అన్నిటికంటే మేలైన సంగతి ఇంకొకటి ఉంది. అద్దానికి ఎలాంటి విద్యుత్ సంబంధమూ అక్కరలేదు. కెమెరా మౌంటు ఏదైనా, లెన్సు ఎవరు తయారుచేసినదైనా, ఆటోఫోకస్, అపర్చర్ నియంత్రణ, చేతి వణుకును సరిచేసే కదలిక నిరోధం ఏదీ ఆగిపోదు; వాటికి వచ్చే కొన్ని పరిమితులను తర్వాత చెబుతాను. ఎన్నో దశాబ్దాల కిందటి గాజు నిన్న వచ్చిన కెమెరా మీద ఏ అనువాదకుడూ లేకుండా పనిచేయగలగడం నాకు ఇప్పటికీ ఆనందం కలిగించే విషయం.

ఇక గాజు సంగతికి వస్తాను, ఎందుకంటే అసలు కథ అక్కడే ఉంది.

సాధారణ క్లోజప్ అద్దంలో ఉండేది ఒక్క గాజు ముక్క. ఒంటి గాజు నీలి కాంతిని ఎరుపు కాంతికంటే ఎక్కువగా వంచుతుంది కాబట్టి రంగుకో నాభి ఏర్పడుతుంది. ఈ వర్ణ విపథనాన్ని తొలగించడానికి రంగులను తక్కువగా విడదీసే క్రౌన్ గాజుతో చేసిన కుంభాకార కటకానికి, ఎక్కువగా విడదీసే ఫ్లింట్ గాజుతో చేసిన పుటాకార కటకాన్ని జోడించవచ్చని చెస్టర్ మూర్ హాల్ 1733 ప్రాంతంలోనే చేసి చూపాడు. జాన్ డాలండ్ 1758లో దానికి పేటెంటు పొందాడు. ఇలా రెండు గాజుల జతగా చేసిన అద్దాన్ని ఆక్రోమాట్ అంటారు. నికాన్ 3టి, 4టి, 5టి, 6టి, కానన్ 250డి, 500డి ఈ కోవలోవే. లైట్జ్ వారి ఎల్‌ప్రో అద్దాలూ అంతే.

ఒంటి గాజు ఎప్పుడు సరిపోతుందో, ఎప్పుడు సరిపోదో తెలుసుకోవడానికి ఒక చిన్న లెక్క వేయవచ్చు. మామూలు క్రౌన్ గాజు ఆబే సంఖ్య 64 దగ్గర ఉంటుంది. దాని అర్థం, అలాంటి ఒంటి గాజు అద్దానికి నీలి, ఎరుపు నాభుల మధ్య ఎడం దాని నాభ్యంతరంలో సుమారు 64వ వంతు. 345 మిల్లీమీటర్ల అద్దానికి అది దాదాపు 5.4 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఆ ఎడాన్ని ఫొటోలో స్పష్టంగా కనబడే లోతుతో పోల్చి చూడండి. 35 మిల్లీమీటర్ల ఫిల్మంత సెన్సర్ మీద 0.03 మిల్లీమీటర్ల మసకను సహించగలమనుకుంటే, 50 మిల్లీమీటర్ల లెన్సు మీద ఎఫ్/11 దగ్గర ఆ లోతు 30 మిల్లీమీటర్ల పైచిలుకు. రంగుల మధ్య ఉన్న 5.4 మిల్లీమీటర్ల ఎడం ఆ లోతులో కలిసిపోతుంది. ఎవరి కంటికీ కనబడదు. అదే అద్దాన్ని 200 మిల్లీమీటర్ల లెన్సు మీద, అదే ఎఫ్/11 దగ్గర వాడితే లోతు 2 మిల్లీమీటర్లకు పడిపోతుంది. రంగుల ఎడం మాత్రం 5.4 మిల్లీమీటర్లే. అంటే ఆకుపచ్చ స్పష్టంగా ఉన్న చోట నీలమూ ఎరుపూ మసకబారి, ప్రతి అంచు చుట్టూ ఊదా నీడ పడుతుంది. అపర్చర్ ఎంత చిన్నది చేసినా అది పూర్తిగా పోదు.

నా దృష్టిలో మొత్తం వివాదం ఈ రెండు అంకెల మధ్యే తేలిపోతుంది. ఆ ఒంటి గాజు అద్దాలను చేసినవారు నాసిరకం పని చేయలేదు. 45, 50 మిల్లీమీటర్ల లెన్సులున్న కెమెరాల కోసం, ఆ కెమెరాలకు సరిపోయే సరుకు చేశారు. మనం వాటిని తీసుకువెళ్లి 200 మిల్లీమీటర్ల జూమ్ ముందు బిగించి, పాత గాజు పనికిరాదని తీర్పు చెబుతున్నాం. అదే కొరత నేడు కొత్తగా దొరికే +1, +2, +4, +10 అద్దాల కట్టలోనూ ఉంది, ఎందుకంటే వాటిలో అత్యధికం ఒంటి గాజులే. పొడవు లెన్సు ఉన్నవారికి ఆ కొత్త కట్టకంటే ఒక్క పాత ఆక్రోమాట్ ఎంతో మేలని నేను సంకోచం లేకుండా చెబుతాను.

అయితే పేరు చెరిగిపోయిన పాత అద్దం చేతికి వస్తే అది ఒంటి గాజా, జంట గాజా అన్నది ఎలా తెలుస్తుంది? ఒక దీపం కింద దాన్ని కొద్దిగా వంచి పట్టుకుని, గాజులో కనబడే దీపం ప్రతిబింబాలను లెక్కపెట్టాలి. ఒంటి గాజుకు ముందు తలం, వెనుక తలం, అంతే. కాబట్టి రెండు ప్రతిబింబాలు. రెండు గాజులను అతికించిన జంటకు ఆ రెండింటితోపాటు, అతుకు తలం నుంచి వచ్చే మూడో ప్రతిబింబం బాగా మసకగా కనబడుతుంది. దానికోసం కొంచెం ఓపికగా వెతకాలి. గాజుల మధ్య గాలి ఖాళీ ఉంటే నాలుగూ కాంతివంతంగానే ఉంటాయి. శక్తిని కొలవడం ఇంకా సులువు. కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర అద్దాన్ని పట్టుకుని, బయట దూరంగా ఉన్న చెట్టో భవనమో గోడ మీద స్పష్టంగా పడేవరకు ముందుకు వెనుకకు జరిపి, గోడకూ అద్దానికీ మధ్య దూరాన్ని కొలవాలి. 34 సెంటీమీటర్లు వస్తే +2.9, అర మీటరు వస్తే +2. సూర్యుడితో మాత్రం ఈ పరీక్ష చేయవద్దు, అగ్గి రాజుకుంటుంది.

ఇదే సమయంలో గాజు ఆరోగ్యాన్నీ చూసుకోవాలి. పాత జంట గాజులను కెనడా బాల్సమ్ అనే చెట్టు బంకతో అతికించేవారు. అది విడిపోతున్నప్పుడు అంచు దగ్గర ఇంద్రధనుస్సు రంగుల మచ్చ గానీ, నురగ లాంటి గీత గానీ కనబడుతుంది. అంచులో కొద్దిపాటి విడుపును సహించవచ్చు. మధ్యలో ఉంటే ఆ అద్దాన్ని వదులుకోవడమే. పూత లేని గాజు తలం ఒక్కొక్కటీ 4 శాతం దాకా కాంతిని తిప్పికొడుతుంది కాబట్టి, చాలా పాత అద్దాలతో ఎదురు వెలుతురులో ఫొటో పాలిపోతుంది. నీడ పట్టే హుడ్ ఒకటి ముందు బిగిస్తే అందులో చాలా భాగం సర్దుకుంటుంది.

ఇప్పుడు బిగింపు. మూడు అద్దాలతోనూ నాకు మూడు వేరువేరు అనుభవాలు.

4టి విషయం సులభం. ఈనాటి ఫిల్టర్లలో 49 నుంచి 77 మిల్లీమీటర్ల వరకు ఉన్న సాధారణ కొలతలన్నింటికీ మర చుట్ల మధ్య ఎడం 0.75 మిల్లీమీటర్లే. కనుక 67 నుంచి 52కు దించే ఒక్క స్టెప్-డౌన్ రింగు చాలు. రెండు మూడు రింగులను ఒకదాని మీద ఒకటి ఎక్కించి కొలత కలుపుకునేవారు ఉంటారు, అది వద్దంటాను. ప్రతి రింగూ అద్దాన్ని కొన్ని మిల్లీమీటర్లు ముందుకు నెడుతుంది, మూలలు నల్లబడే అవకాశాన్ని పెంచుతుంది, పైగా అల్యూమినియం రింగులు ఒకదానిలో ఒకటి బిగుసుకుపోయి విప్పడం కష్టమవుతుంది. మర ఎక్కించేటప్పుడు ముందు వెనుకవైపు తిప్పి, చుట్టు దిగిన చిన్న టక్కు తగిలాక బిగించే దిశలో తిప్పాలి. పాత చిన్న కొలతల్లో 0.5 మిల్లీమీటర్ల ఎడం ఉన్న మరలు కూడా ఉన్నాయి. వ్యాసం సరిపోయింది కదా అని వాటిని 0.75లోకి తిప్పితే ఒక చుట్టు ఎక్కి ఇరుక్కుంటుంది. అక్కడ బలం వాడితే పాడయ్యేది కొత్త లెన్సు ముందున్న ప్లాస్టిక్ మర.

పెద్ద లెన్సు ముందు చిన్న అద్దమా అని సందేహించేవారికి మరో లెక్క. 200 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్/4 దగ్గర తెరిస్తే దాని ప్రవేశ రంధ్రం 50 మిల్లీమీటర్లు. 52 మిల్లీమీటర్ల చట్రంలోని గాజు దానికి చాలదు. ఎఫ్/5.6కు మూస్తే అది 36 మిల్లీమీటర్లు, ఎఫ్/8కు 25. క్లోజప్ ఫొటోలను ఎలాగూ ఎఫ్/8, ఎఫ్/11 దగ్గరే తీస్తాం కాబట్టి ఆచరణలో సమస్య రాదు. వెడల్పు కోణానికి జూమ్ చేస్తే మాత్రం రింగు అంచు మూలల్లో కనబడుతుంది. ఆ కోణంలో ఈ అద్దం వల్ల పెద్దగా ప్రయోజనమూ లేదు.

రోలైనార్ దగ్గర నేను తప్పు చేశాను. రోలైఫ్లెక్స్‌కు రెండు లెన్సులు, పైది చూడటానికి, కిందది ఫొటో తీయడానికి. అందుకే రోలైనార్ జతగా వస్తుంది. చూసే లెన్సుకు పెట్టే అద్దంలో, పైనుంచి చూడటం వల్ల వచ్చే తేడాను సరిదిద్దడానికి పట్టకం లాంటి వాలు కూడా ఉంటుంది. రెండింటిలో అదే మందంగా, గొప్పగా కనబడితే నేను దాన్ని ఎంచుకున్నాను. ఫొటోలో వస్తువు చట్రం మధ్య నుంచి ఒక పక్కకు జరిగిపోయింది. అంచుల్లో ఒక వైపు నీలం, ఎదురు వైపు నారింజ రంగు పూసినట్టు వచ్చాయి. పట్టకం కాంతిని వంచుతూ రంగులుగా విడదీస్తుందని బడిలో చదువుకున్నదే నాకు తట్టలేదు. గాజు చెడిపోయిందని చాలా రోజులు నమ్మాను. జతలో సాదాగా ఉన్న రెండో అద్దమే మనకు కావలసింది.

ఆ సాదా అద్దం కూడా 200 మిల్లీమీటర్ల లెన్సుకు తగదు. నా రోలైనార్ పట్టే బే 1 అనే బిగింపు కొలతలోని రోలైఫ్లెక్స్ లెన్సు 75 మిల్లీమీటర్లు, ఎఫ్/3.5, అంటే అద్దం కప్పవలసిన రంధ్రం 21 మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే. 85 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్/4కు మూస్తే రంధ్రం సరిగ్గా అంతే ఉంటుంది. అది దీనికి సహజమైన జోడీ. ఆవర్ధనం 0.17 దగ్గర, ఎఫ్/8 వద్ద లోతు 16 మిల్లీమీటర్లకు పైనే కాబట్టి, అది ఒంటి గాజే అనుకున్నా రంగుల ఎడం ఆ లోతులో ఇమిడిపోతుంది. పువ్వులకు, ఆకులకు, చేతిలో పట్టుకున్న వస్తువులకు నేను ఈ జోడీనే వాడతాను. దీనికి రింగు వెతికేటప్పుడు దిశను గమనించాలి. మామూలు ఫిల్టర్లను రోలైఫ్లెక్స్‌కు తగిలించే రింగులే ఎక్కువగా దొరుకుతాయి. మనకు కావలసింది దానికి తలకిందులు. ఆ రింగు నాకు దొరకనప్పుడు త్రీడీ ప్రింటరుతో ఒక గిన్నె లాంటి చట్రం చేయించుకున్నాను. అద్దం దానిలో కూర్చుంటుంది, మూడు నైలాన్ మరలు చుట్టూ మెల్లగా పట్టుకుంటాయి, గిన్నె వెనుక ఒక లోహపు స్టెప్ రింగును బంకతో అతికించాను. మరను కూడా ప్లాస్టిక్‌లోనే అచ్చువేయాలనుకోవడం దండగ, 0.75 మిల్లీమీటర్ల చుట్లు ఇంటి ప్రింటర్లలో శుభ్రంగా రావు. ఇక్కడ గమనించవలసినది, బంక తగిలింది కొత్త రింగుకూ కొత్త గిన్నెకూ మాత్రమే. గిన్నెకు వాడిన పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కనుక ఎండలో నిలిపిన కారులో దాన్ని వదిలిపెట్టకూడదు.

మూడోది, టోపీలా తొడిగే 42 మిల్లీమీటర్ల అద్దం. నేను పాడుచేసినది దీన్నే. దాని అంచులో స్ప్రింగులా పనిచేసే చీలికలుంటాయి. వాటిని ఆకురాయితో అరగదీసి, 52 మిల్లీమీటర్ల రింగుకు ఎపాక్సీతో అతికించాను. బంక ఆరుతున్నప్పుడు అద్దం ఒక పక్కకు ఒరిగిందని నాకు తెలియలేదు. ఆనాటి నుంచి దానితో తీసిన ప్రతి ఫొటోలో కుడివైపు మసకే. అద్దం కేంద్రం కేవలం పక్కకు జరిగితే జరిగే నష్టం తక్కువ. కళ్లజోళ్లవారు వాడే ప్రెంటిస్ సూత్రం ప్రకారం, +2 అద్దం 2 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే కిరణం వంగేది మీటరుకు 4 మిల్లీమీటర్లే, దాన్ని కెమెరాను కాస్త కదిపి సర్దుకోవచ్చు. ఒరిగిపోవడం అలా కాదు. స్పష్టంగా కనబడే తలమే వాలిపోతుంది, దాన్ని సర్దుకునే దారి లేదు. బంకను వదిలించబోతే గాజు పూత పోయింది.

ఆ పని చేసిన చాలా రోజులకు, నా దగ్గర పడి ఉన్న ఒక 40.5 మిల్లీమీటర్ల ఖాళీ ఫిల్టర్ చట్రాన్ని కాలిపర్‌తో కొలిచాను. దాని బయటి వ్యాసం 42 మిల్లీమీటర్లు. ఆ చట్రాన్ని స్టెప్ రింగు సాయంతో లెన్సుకు బిగించి ఉంటే, పాత అద్దం ఏ మార్పూ లేకుండా దాని మీద టోపీలా కూర్చునేది. వదులుగా ఉంటే ఒక చుట్టు పలచని టేపు చాలు. కోయవలసినా, అరగదీయవలసినా, అతికించవలసినా ఆ పని ఎప్పుడూ కొత్తగా మళ్లీ దొరికే రింగు మీదే జరగాలని నేను పట్టుబట్టడానికి కారణం ఆ 42 మిల్లీమీటర్లు. సిరీస్ 6, సిరీస్ 7 అనే పాత పద్ధతి అద్దాలకూ ఇదే వర్తిస్తుంది. కొడాక్ పోర్ట్రా అద్దాలు ఆ కొలతల్లో వచ్చేవి. సిరీస్ 6 బిళ్ల 41.3 మిల్లీమీటర్లు, సిరీస్ 7 బిళ్ల 50.8. వీటి చట్రానికి బయట మర ఉండదు. రెండు రింగుల మధ్య ఇరికించి బిగించాలి. ఆ కాలపు జత రింగులు విడిగా దొరికితే, వాటి వెనుక మరను ఒక్క స్టెప్ రింగుతో కొత్త లెన్సుకు కలపడం క్షణాల పని.

బిగింపులో దిశ మరొక విషయం. వదులుగా ఉన్న పాత గాజును తుడవడానికి తీసి తిరిగి పెట్టేటప్పుడు తలకిందులు కావడం తరచుగా జరుగుతుంది. ఒంటి గాజు నెలవంక ఆకారంలో ఉంటే పుటాకార తలం కెమెరా వైపు ఉండాలి. ఇంగ్లీషు శాస్త్రవేత్త వొలస్టన్ 1812లో చూపినట్టు, నెలవంక కటకం పుటాకార తలం అపర్చర్ వైపు చూస్తున్నప్పుడే చట్రం అంచుల్లో మెరుగ్గా పనిచేస్తుంది. మన అపర్చర్ లెన్సు లోపల, అంటే అద్దానికి వెనుక ఉంది. ఆక్రోమాట్‌కు ఇలాంటి సులభ సూత్రం చెప్పలేం. విప్పేముందు చట్రం మీదా గాజు అంచు మీదా పెన్సిలుతో గుర్తు పెట్టుకోవడమే మార్గం.

కొత్త కెమెరాల నుంచి వచ్చే చిక్కులు కొన్ని ఉన్నాయి. పాత కాలపు సూచనల్లో ఇవి కనబడవు. అద్దం బిగించామని కెమెరాకు తెలియదు. లెన్సు అనంతం దగ్గర ఉంటే, వస్తువు 34 సెంటీమీటర్ల దూరంలో ఉన్నా, అనంతంలోనే ఉందని కెమెరా నమ్ముతుంది. దూరాన్ని బట్టి పక్కకు జరిగే కదలికలను సరిచేసే నిరోధక వ్యవస్థలకు ఆ సమాచారం తప్పుదోవ. అందుకని దాని మీద ఆశ పెట్టుకోకుండా వేగవంతమైన షట్టరునో ఫ్లాషునో నమ్ముకుంటాను. రెండోది, కెమెరా తనంతట తాను చేసే రంగు అంచుల సవరణ లెన్సు ఒక్కదానికోసం లెక్కించినది. అద్దం చేరాక ఆ లెక్క తప్పుతుంది కాబట్టి రా ఫైలులో (కెమెరా సవరణలు చేయని ముడి ఫైలులో) తీసి, ఆ సవరణను తీసేసి, చేతితో సరిచేసుకుంటే ఫలితం బాగుంటుంది. మూడోది, ఆటోఫోకస్ పరిధి. ముందు అంచు నుంచి ఒక మీటరు దాకా ఫోకస్ అయ్యే లెన్సుకు +2.9 అద్దం బిగిస్తే, ఫోకస్ దొరికేది సుమారు 26 నుంచి 34 సెంటీమీటర్ల మధ్యే. ఆ ఎనిమిది సెంటీమీటర్ల బయట మోటారు అటూ ఇటూ వెతుకుతూనే ఉంటుంది. ముందు మనమే కదిలి ఆ పరిధిలోకి రావాలి. ఫోకస్ చేస్తున్నప్పుడు ముందు భాగం కదిలే లెన్సులైతే బరువైన ఆక్రోమాట్‌ను మోటారు మోయవలసి వస్తుంది; వాటి మీద నేను చేతి ఫోకసే వాడతాను.

మరోవైపు, కొత్త కెమెరా ఆ పాత అద్దానికి ఇచ్చేదీ ఉంది. ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ వరుసగా ఫొటోలు తీసి కలిపే సదుపాయం, అద్దం ముందున్నా చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే ఫోకస్ మోటారు మీద కెమెరాకు పట్టు పోలేదు. 2 మిల్లీమీటర్ల లోతుతో సతమతమయ్యే 4టి, ఇరవై ఫొటోల వరుసలో తూనీగ రెక్కను మొదలు నుంచి కొస దాకా చూపగలిగింది. ఆ అద్దాన్ని లెక్కించినవారు ఊహించి ఉండని పని అది.

అసలు ఇదంతా ఎందుకు, మాక్రో లెన్సు కొనుక్కోవచ్చు కదా అన్న ప్రశ్నకు నేను తప్పించుకోను. తపాలా బిళ్లలు, పత్రాలు, ఫిల్మ్ ముక్కలు వంటి చదునైన వాటిని మూలమూలకూ స్పష్టంగా తీయాలంటే మాక్రో లెన్సే కావాలి. క్లోజప్ అద్దం స్పష్టత తలం కొద్దిగా వంగి ఉంటుంది. ఎంత మంచి ఆక్రోమాటైనా ఆ పనిలో వెనుకబడుతుంది. ఒక రెటు ఆవర్ధనం, అంటే సెన్సర్ మీద వస్తువు అసలు పరిమాణంలోనే పడటం, నిత్యం అవసరమైనవారికీ అదే మాట. కానీ పురుగులు, పువ్వులు, గింజలు చదునుగా ఉండవు. 0.3 నుంచి 0.6 రెట్ల ఆవర్ధనంలో, ఇప్పటికే సంచిలో ఉన్న జూమ్ లెన్సుతో, 34 సెంటీమీటర్ల ఎడం నుంచి, పురుగు మీద మన నీడ పడకుండా తీయగలగడం తక్కువ విషయం కాదు. మాక్రో లెన్సుకు ప్రత్యామ్నాయంగా కాక, పొడవు లెన్సుకు చదివే కళ్లజోడుగా దాన్ని చూస్తే నిరాశ ఉండదు.

ఇప్పుడు నా దగ్గర ప్రతి అద్దమూ దాని రింగుతోనే డబ్బాలో ఉంటుంది. డబ్బా మూత మీద శక్తి, గాజుల సంఖ్య, ఏ లెన్సుకు, ఎంత అపర్చర్‌కు అన్నది రాసి పెట్టాను. 4టి మూత మీద "70-200, ఎఫ్/8 నుంచి" అని, రోలైనార్ మూత మీద "85, ఎఫ్/4 నుంచి, సాదా అద్దం మాత్రమే" అని. ఈమధ్య ఒక మిత్రుడు తన తాతగారి రోలైఫ్లెక్స్‌ను బాగుచేయించుకుని, దగ్గరి ఫొటోలు ఎలా తీయాలో అడగడానికి దాన్ని పట్టుకుని వచ్చాడు. నేను డబ్బా తీసి, మూడు నైలాన్ మరలు వదులు చేసి, రోలైనార్‌ను గిన్నెలోంచి బయటకు తీశాను. చట్రం మీద చిన్న గీత కూడా లేదు. రెండు అద్దాలనూ కెమెరాకు తగిలించి తిప్పితే, పైదీ కిందదీ టక్కున కూర్చున్నాయి.